అమ్మలూ, ఆ చీలమండలు జాగ్రత్త

అమ్మలూ,

మీ ఊరి హైస్కూలుకి వాయుసేనాధిపతిగా చేసిన అర్జన్ సింగ్ గారి తొమ్మిదడుగుల కంచు విగ్రహం నువ్వే పోస్తున్నావని మీ నాన్న చెప్పాడు. గుండె నిండిపోయింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

విగ్రహం బడి ఆవరణ లోపలే ఉండాలి. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలకి అనుమతివ్వొద్దని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మట్టి పరీక్ష చేయించాకే పునాది. మన జిగట నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది.

ఏ వయసు ముఖమో ముందే తేల్చుకో. 1965 యుద్ధంలో వాయుసేనని నడిపించినప్పుడు ఆయనకి 46 ఏళ్ళు, హోదా ఎయిర్ మార్షల్. అంటే యూనిఫాం మీద హోదా పట్టీల్లో వెడల్పుది ఒకటి, సన్నవి రెండు. సన్నవి నాలుగు పెట్టావంటే అది 2002లో వచ్చిన ‘మార్షల్ ఆఫ్ ది ఎయిర్ ఫోర్స్’ హోదా, ఆ ముఖానికి అతకదు. కంచు చల్లారితే నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది, మట్టి బొమ్మ ఆ మేరకి పెద్దది చెయ్యి.

ఇక నా భయం కాళ్ళ గురించే. విగ్రహం లోపల బోలుగా రావడానికి పెట్టే అచ్చు ముద్దని, అదే కోర్‌ని, పట్టి ఉంచడానికి ఇనుప మేకులు దిగ్గొడతాం కదా, పోత అయ్యాక పైకి కనిపించే తలలు కోసేసి పాలిష్ పట్టేస్తారు. కాలి లోపలికి చెయ్యి పట్టదని కోర్ కూడా అలాగే వదిలేస్తారు. చాలా చోట్ల జరిగే తప్పిది. ఆ కోర్ స్పాంజిలా నీళ్ళు పీలుస్తుంది. మన ఉప్పుగాలిలో, తడిలో కంచుని ఆనుకున్న ఇనుము తొందరగా తుప్పుపడుతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించి వెల్డింగు అతుకుని లోపల్నుంచి చీలుస్తుంది. బయటికి కనిపించేది చీలమండ దగ్గర సన్నటి గోధుమరంగు చార మాత్రమే. బరువంతా ఉన్నది అక్కడే. 1996 నవంబరు తుపాను లాంటి గాలి వస్తే విరిగేదీ అక్కడే, కింద ఆడుకునేది పిల్లలు!

అందుకని కాళ్ళు విడిగా పొయ్యి. కోర్ మొత్తం గీకి తీశాకే అతుకు. మేకులన్నీ పీకి, బెజ్జాలు కంచుతోనే పూడ్చు. దిమ్మెలోకి దిగే కడ్డీలు ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడు, ధర చూసి మామూలు ఇనుముకి దిగావంటే ఊరుకోను. బూటు అడుగున పల్లంగా ఉన్నచోట 10 మిల్లీమీటర్ల బెజ్జం, దాని కింద దిమ్మెలో నీళ్ళు బయటికి పోయే గాడి పెట్టు.

పనిలో పడితే నీకు అన్నం గుర్తుండదు. వేళకి తినమ్మా. కాళ్ళు అతికే ముందు లోపలికి టార్చి వేసి ఫొటో తీసి నాకు పంపు. నేను చూసేదాకా వెల్డింగు ముట్టించకు.

మీ పెదనాన్న