ఒక ఆసుపత్రిలో రక్తం ఎక్కిద్దామన్నారు, ఇంకో చోట ఆగుదామన్నారు

27 వారాలకే పుట్టిన పాప, మూడో వారం, సీప్యాప్ (ఊపిరికి సాయంగా ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే యంత్రం) మీద ఉంది, హిమోగ్లోబిన్ 10. ఒకరు రక్తం ఎక్కిద్దామన్నారు, ఇంకొకరు వద్దన్నారు, ఎవరిని నమ్మాలి అని కదా మీ ప్రశ్న. ఇద్దరినీ నమ్మొచ్చండి.

మా వాడు 26 వారాలకు పుట్టాడు, 860 గ్రాములు. మొదటి ఆసుపత్రిలో మూడో వారంలో 10.6 రాగానే ఎక్కించారు. సిరంజి పంపులో 14 మి.లీ. రక్తం, నాలుగు గంటలు పట్టింది, ఆ పిస్టన్ కదులుతోందా లేదా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత వేరే ఆసుపత్రి ఎన్ఐసీయూకి (పసిపిల్లల ఐసీయూకి) మార్చాం. అక్కడ సీప్యాప్ మీద ఉండగానే 9.1కి పడిపోయింది, డాక్టర్ మాత్రం "ఇంకా చూద్దాం" అని పక్క బిడ్డ దగ్గరికి వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, వీళ్లు పట్టించుకోవట్లేదనే అనుకున్నా. మర్నాడు గట్టిగా అడిగితే కూర్చోబెట్టి చెప్పారు.

ఎంతకి పడితే రక్తం ఎక్కించాలనే దాని మీద 2020లో రెండు పెద్ద ట్రయల్స్ (పిల్లల్ని గుంపులు చేసి పోల్చి చూసే పరిశోధనలు) ఫలితాలు వచ్చాయి. ఒకటి అమెరికాలో 'టాప్', 1824 మంది పిల్లలు, అందరూ కిలో లోపు వాళ్లే. రెండోది యూరప్‌లో 'ఎట్నో', 1013 మంది. త్వరగా ఎక్కించినా ఆగి ఎక్కించినా రెండేళ్ల వయసుకి ప్రాణాల విషయంలో గానీ ఎదుగుదలలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టాప్‌లో, మూడో వారం నుంచి శ్వాసకి సపోర్ట్ ఉన్న పిల్లలకి, రక్తం ఎక్కించడానికి ఒక గుంపుకి గీత 11, ఇంకో గుంపుకి 8.5. మా 10.6, 9.1 రెండూ ఆ మధ్యలోవే, మీ 10 కూడా. అంతకంటే కిందికి దిగితే మాత్రం ఈ భరోసా వర్తించదు, శ్వాసకి సపోర్ట్ ఉన్న పిల్లల్ని ఆ అంకె కిందికి దిగేదాకా ఆపి ఈ ట్రయల్స్‌లో చూడలేదు. పాపకి ఊపిరి ఆగడాలు ఎక్కువైనా, ఆక్సిజన్ అవసరం పెరిగినా డాక్టర్లు అంకె కోసం ఆగరు.

ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాల) సంగతి దీంతో కలపకండి. 2019 నాటి ట్రయల్‌లో ప్లేట్‌లెట్ల లెక్క 50 వేల దగ్గరే ఎక్కించిన పిల్లల్లో, 25 వేల దాకా ఆగిన వాళ్లకంటే, మరణాలూ పెద్ద రక్తస్రావాలూ కలిపి చూస్తే ఎక్కువగా వచ్చాయి.

నన్నడిగితే అసలు అడగాల్సింది రోజుకి ఎంత రక్తం తీస్తున్నారని. 860 గ్రాముల బిడ్డలో మొత్తం రక్తమే 75 మి.లీ. చిల్లర, టెస్టుకి ఒక మి.లీ. తీసినా వందో వంతు పైనే పోయినట్టు. మొదటి చోట మా వాడికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తీసేవాళ్లు, మళ్లీ వాళ్లే రక్తం తక్కువైందని ఎక్కించారు! రెండో చోట రెండు మూడు టెస్టులు కలిపి ఒకేసారి తీశారు.

చివరికి 8.3కి వచ్చాక అక్కడా ఎక్కించక తప్పలేదు. అయితే ఒకే దాత రక్తాన్ని చిన్న సంచులుగా విడదీసి మా వాడి కోసం ఉంచారు, పది రోజులకి మళ్లీ అవసరమైతే అదే దాతది వాడారు. మీ బ్లడ్ బ్యాంకులో అలా చేస్తారేమో ఇప్పుడే కనుక్కోండి, మొదటి సంచి తెరిచాక అడిగితే లాభం లేదు.