కమిషన్‌లో చేరుతున్న మేనకోడలికి

పర్లాకిమిడి

అమ్మడూ,

ఎనిమిదో వేతన సంఘం ఆఫీసులో కన్సల్టెంటుగా నీకు పని కుదిరిందని మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ పూట వీధిలో ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను. రాత్రికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. ట్రెజరీలో బిల్లులు పాస్ చేసి రిటైరైన దాన్ని కదా. నీకు ఎక్సెల్ వచ్చు, ఇంగ్లీషు వచ్చు. ఎప్పుడైనా ఒక సర్వీసు పుస్తకం తెరిచి చూశావుటే?

మామూలు సంగతులు నేను చెప్పక్కర్లేదు. టైముకి వెళ్ళు. ఫైళ్ళు రూముకి తేకు. పత్రికల వాళ్ళ దగ్గర నోరు విప్పకు. సంఘాల వాళ్ళ వినతిపత్రాల్లో సగం అరుపులే ఉంటాయి, అయినా చివరిదాకా చదువు.

నకారా కేసు తీర్పు కూడా చదువు. పింఛను అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు చెప్పింది. మీ కమిషన్‌కి అప్పగించిన అంశాల్లో ఉద్యోగి వాటా లేని పింఛన్ల భారం సంగతి కూడా ఉంది. ఆ భారం లెక్క వేసేటప్పుడు ఈ తీర్పు బల్ల మీదే ఉంచుకో. నాది ఆ వాటా లేని పాత పింఛనే, అందుకే ఇలా అంటున్నానని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

మీ సభ్యుల వివరాలు పేపర్లో చూశాను. జస్టిస్ రంజనా ప్రకాష్ దేశాయ్ సుప్రీంకోర్టులో చేసినావిడ, పులక్ ఘోష్ బెంగళూరు ఐఐఎంలో ప్రొఫెసరు, పంకజ్ జైన్ ఐఏఎస్. పెద్దవాళ్ళే, కాదనను. కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళు మాత్రం అందులో ఎవరూ లేరు. ఆ లోటు నువ్వు కాస్త పూడ్చాలి.

ఎందుకంటున్నానో విను. ఇక్కడ ఒక ఆఫీసులో అటెండరు ఉండేవాడు. తెలుగాయన. ఉద్యోగంలో చేరిన రోజున కుటుంబ వివరాల ఫారం గుమాస్తా నింపాడు. భార్య పేరేమిటంటే ఈయన ఇంట్లో పిలిచే పేరు, బంగారి అని చెప్పేశాడు. గుమాస్తా అదే ఒడియాలో రాసుకున్నాడు. మనకి ముందుండే ఇంటిపేరు తీసుకెళ్ళి చివర తగిలించాడు. ఆవిడ అసలు పేరు అప్పలనర్సమ్మ. ఓటరు కార్డులో అలాగే ఉంది, బ్యాంకు పుస్తకంలో ఉత్త నర్సమ్మ. సర్వీసు పుస్తకం ఏటా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలని రూలు. ఆయన చేత సంతకం పెట్టించేవాళ్ళు, పేజీ తిప్పి చూపించేవాళ్ళు కాదు.

సర్వీసులో ఉండగానే పోయాడాయన. కుటుంబ పింఛను ఎంతో లెక్క కట్టడానికి అరగంట పట్టలేదు. బంగారీ, అప్పలనర్సమ్మా ఒక్కరేనని తేల్చడానికి రెండేళ్ళు దాటింది. స్టాంపు కాగితం మీద అఫిడవిట్ అన్నారు. అది తెస్తే తహసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్ అన్నారు. అందులో పేరు ఇంకో రకంగా పడింది. ఫైలు పైకి వెళ్ళడం, అభ్యంతరం రాసి కిందికి పంపడం. ప్రతిసారీ ఒడియాలో ఒక్కటే వాక్యం. ఆవిడ ఆ కాగితం మడత విప్పి నా బల్ల మీద పరిచి, "ఏటి రాసినారమ్మా?" అనేది. చదివి చెప్పేదాన్ని. "ఆడి పెళ్ళాన్ని నేను కాపోతే మరెవులు? ఊరందర్నీ అడగండి" అనేది. ఊరంతా చెప్పినా ఫైలుకి ఎక్కదు కదా.

చివరికి బకాయిలతో సహా వచ్చింది. అప్పటికే చిన్నకొడుకు చదువు మానేసి సూరత్ మగ్గాలకి వెళ్ళిపోయాడు. గుమాస్తా చెడ్డవాడేం కాదు. చెవికి వినపడింది రాశాడు. 1936లో మద్రాసు నుంచి విడదీసి మనల్ని ఒడిశాలో కలిపినప్పటి నుంచీ ఈ ఊళ్ళో ప్రతి మనిషికీ కాగితానికో పేరు.

మాది కేంద్రం, మీది రాష్ట్రం అంటావు. కేంద్రం వేసిన అచ్చునే రాష్ట్రాలు దిద్దుకుంటాయే. పింఛన్ల మీద కేంద్రం వేసిన సోమనాథన్ కమిటీ తర్వాత వచ్చిన యూపీఎస్‌నే, అదే ఏకీకృత పింఛను పథకాన్నే చూడు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాతికేళ్ళ సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం, ఉద్యోగి పోతే ఆ పింఛనులో 60 శాతం భార్యకో భర్తకో. వినడానికి బాగానే ఉంది. మన ఒడిశాలో శిక్షా సహాయకులుగా చేరి, కాంట్రాక్టు మీద ఏళ్ళు గడిపాక పర్మినెంటైన టీచర్లు ఎంతమంది లేరు! ఆ ఏళ్ళు లెక్కలోకి రాకపోతే వీళ్ళకి పాతికేళ్ళు ఎక్కడ నిండుతాయి? ఈ ప్రశ్న అక్కడ ఎవరో ఒకరు వేయాలి.

పేరు సంగతీ రాయించు. రిటైర్మెంటుకి ఐదేళ్ళ ముందు ఉద్యోగినీ, భార్యనో భర్తనో ఎదురుగా కూర్చోబెట్టి, ఆధార్ పక్కన పెట్టుకుని సర్వీసు పుస్తకంలో పేర్లు సరిచేయాలని ఒక్క పేరా. పైసా ఖర్చు లేదు. చిన్న విషయమని ఎవరైనా కొట్టేస్తే పోట్లాడు. కానీ నీ మామూలు గొంతుతో కాదు, మెల్లిగా. చిన్నప్పుడు మామిడికాయ ముక్క కోసం కూడా వీధంతా వినపడేలా అరిచేదానివి. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

సభ్యుల్లో ఒక్కరినైనా నవంబరులో ఇటు రప్పించగలవేమో చూడు. లైఫ్ సర్టిఫికెట్లకి బారులు తీరే నెల. వేలిముద్ర పడక మిషన్ ముందు వేలు తుడుచుకుంటూ నిలబడే ముసలాళ్ళని కళ్ళారా చూస్తారు. పలాసలో రైలు దిగితే ఇక్కడికి ఎంతో దూరం లేదు. వాళ్ళకి గెస్ట్‌హౌస్ ఉంటుంది, నువ్వు మాత్రం మన ఇంట్లోనే దిగాలి.

ఇంకో మాట. మీ నాన్నకి ఇంకా సర్వీసు ఉంది. వాడి పుస్తకంలో మీ అమ్మ పేరు ఎలా పడిందో చూడరా అంటే రేపు మాపు అంటున్నాడు. నా మాట ఎలాగూ వినడు. ఢిల్లీ రైలెక్కే ముందు ఆ పేజీ జెరాక్స్ తీయించి నాకు పంపు.

మీ అత్త