ప్రార్థన చేస్తే నేరమవుతుందా? ఒక సంఘ కాపరి సందేహం

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న సంఘానికి కాపరిని. మా విశ్వాసుల్లో ఒక కుటుంబం వారి 22 ఏళ్ల అబ్బాయి, బీటెక్ పూర్తి చేసినవాడు, తనకు మగవారి పట్లనే ఆకర్షణ కలుగుతుందని ఇంట్లో చెప్పాడు. అతణ్ణి 40 రోజులు మా మందిరం వెనుక గదిలో ఉంచి ఉపవాస ప్రార్థనలు చేసి మార్చమని తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు. ఫోన్ తమ దగ్గరే పెట్టుకుంటామని, ఎంత అడిగినా బయటికి పంపవద్దని, ఒక కౌన్సెలర్ వారానికోసారి వచ్చి మాత్రలు ఇస్తాడని చెబుతున్నారు. ఇది నేరమని సంఘ పెద్దల్లో ఒకరు అంటుంటే, మత స్వేచ్ఛ ఉన్న దేశంలో ప్రార్థనను ఎవరూ ఆపలేరని మరొకరు అంటున్నారు. వాక్యం ప్రకారం నేను చేసే బోధ కూడా నేరమవుతుందా? మెల్‌బోర్న్‌లో ఉన్న మా బంధువులు కూడా తమ అమ్మాయి కోసం వీడియో కాల్‌లో ఇలాగే ప్రార్థించమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: పాస్టర్ గారూ, గది తలుపు మూయకముందే మీరు ఈ ప్రశ్న అడిగినందుకు ముందుగా కృతజ్ఞతలు. మీ బోధ నేరం కాదు, ప్రార్థన నేరం కాదు. కానీ ఆ తల్లిదండ్రులు మీ ముందు పెట్టిన ఏర్పాటు, అంటే ఆ యువకుడు వద్దన్నా 40 రోజులు గదిలో ఉంచి, ఫోన్ లేకుండా చేసి, మాత్రలు మింగించడం అనేది ఇప్పుడు అమలులో ఉన్న చట్టాల ప్రకారమే శిక్షార్హం. రాజ్యాంగంలోని మత స్వేచ్ఛ ఆ కేసులో మీకు రక్షణగా నిలబడదు.

లైంగికతను మార్చడానికి చేసే ప్రయత్నాలను, అంటే కన్వర్షన్ థెరపీని, పేరు పెట్టి నిషేధించే ప్రత్యేక చట్టాన్ని మన పార్లమెంటు గానీ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు గానీ చేయలేదు. బహుశా మీ సంఘ పెద్ద ధైర్యానికి ఇదే కారణం. అయితే ఈ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే వ్యాధుల జాబితా నుంచి తొలగించింది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో, పెద్దల మధ్య పరస్పర సమ్మతితో జరిగే స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 3వ సెక్షన్, సమాజంలోని నైతిక విలువలకు లేదా మత విశ్వాసాలకు ఒక వ్యక్తి అనుగుణంగా లేడన్న కారణంతో అతనికి మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదని స్పష్టంగా చెబుతోంది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021 జూన్ 7న సుష్మ కేసులో ఇచ్చిన ఉత్తర్వులు, లైంగికతను వైద్యం ద్వారా మార్చే ప్రయత్నాలను నిషేధించి, అలా చేసేవారి లైసెన్సు రద్దు చేయడంతో సహా చర్యలు తీసుకోవాలన్నాయి. దాని తర్వాత 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ ఇలాంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పరిగణించాలని అన్ని రాష్ట్రాల వైద్య మండళ్లకు లేఖ రాసింది. మద్రాసు తీర్పు ఆంధ్రప్రదేశ్ కోర్టులను కట్టడి చేయదు, వాటి ముందు ఒక బలమైన ఆధారంగా మాత్రమే నిలుస్తుంది. కమిషన్ నిర్ణయం మాత్రం దేశంలో రిజిస్టరైన ప్రతి వైద్యుడికీ వర్తిస్తుంది. ఇక ఆ కౌన్సెలర్ వైద్యుడే కాకపోతే, అతను మాత్రలు ఇవ్వడమే చట్ట విరుద్ధం. తెలియకుండా అన్నంలో కలిపి పెడితే, మత్తు కలిగించే లేదా హానికరమైన మందు ఇచ్చి బాధించడానికి వర్తించే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 123వ సెక్షన్ దాకా విషయం వెళ్లవచ్చు.

మత స్వేచ్ఛ సంగతికి వస్తే, దాన్ని ఇచ్చే రాజ్యాంగంలోని 25వ అధికరణ పేరు చెప్పేవారు దాని మొదటి మాటలను చాలాసార్లు వదిలేస్తారు. ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి, ప్రాథమిక హక్కుల భాగంలోని ఇతర నిబంధనలకు లోబడి మాత్రమే ఆ హక్కు లభిస్తుందని అందులోనే ఉంది. ఆ ఇతర నిబంధనల్లో 21వ అధికరణ, అంటే ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు ఉన్న హక్కు ఒకటి. లైంగికత గోప్యతా హక్కులో అంతర్భాగమని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది కనుక, ఆ యువకుడి వైపు ఉన్నది మీ హక్కుకు ఏ మాత్రం తక్కువకాని ప్రాథమిక హక్కు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 25వ అధికరణ మొదట ఇచ్చేది అంతరాత్మ స్వేచ్ఛను, అదీ అందరికీ సమానంగా. అంటే అది మీకెంత చెందుతుందో, ప్రార్థనలో కూర్చోనని చెప్పే ఆ అబ్బాయికీ అంతే చెందుతుంది. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో, తమ విశ్వాసం కారణంగా జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు క్రైస్తవ పిల్లలను కేరళలోని బడి నుంచి పంపేస్తే, సుప్రీంకోర్టు వారి అంతరాత్మ పక్షాన నిలిచి వారిని మళ్లీ చేర్చుకోమంది. సంఖ్యలో తక్కువైన మీ విశ్వాసానికి ఆ తీర్పు పెద్ద అండ. అదే తీర్పు మీ గదిలో ఉన్న ఒంటరి యువకుడికి అండ కాకుండా ఎలా పోతుంది? 1977లో స్టానిస్లాస్ కేసులో కోర్టు ఇచ్చిన వివరణ కూడా మీకు తెలిసే ఉంటుంది. మత ప్రచార హక్కు అంటే తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాప్తి చేసే హక్కే తప్ప, ఎదుటి మనిషిని తన మతంలోకి మార్చే హక్కు కాదని అందులో చెప్పారు. ఆ తీర్పుపై క్రైస్తవ సమాజంలో ఉన్న బాధను నేను కాదనను. అయినా మీ ప్రశ్నకు అది ఒక కొలబద్ద ఇస్తోంది. వివరించడం వరకు మీ హక్కు. ఎదుటివాడి మనసును అతని ఇష్టానికి విరుద్ధంగా మార్చడం ఎవరి హక్కూ కాదు.

ఇప్పుడు ఆ 40 రోజుల గురించి. ఒక మనిషిని ఒక చోటు దాటి వెళ్లకుండా అన్యాయంగా ఆపడాన్ని న్యాయ సంహిత 127వ సెక్షన్ అక్రమ నిర్బంధం అంటుంది. మామూలుగా దానికి ఏడాది వరకు జైలు. మూడు రోజులు గానీ అంతకుమించి గానీ సాగితే మూడేళ్ల వరకు. పది రోజులు గానీ అంతకుమించి గానీ సాగితే ఐదేళ్ల వరకు జైలుతో పాటు పది వేల రూపాయలకు తగ్గని జరిమానా. తలుపుకు తాళం వేయడమే నిర్బంధమని అనుకోకండి. చెప్పులు, ఫోను, డబ్బు తీసేసుకుని, గుమ్మంలో మనిషిని కూర్చోబెట్టి, వెళితే కొడతామని భయపెట్టినా అది నిర్బంధమే. తల్లిదండ్రులు సంతకం చేసిన అంగీకార పత్రం మీ చేతిలో ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే 18 ఏళ్లు నిండిన మనిషి తరఫున సమ్మతి ఇచ్చే అధికారం కన్నవారికి కూడా లేదు. అబ్బాయి చేతే సంతకం పెట్టించినా, భయంతోనో అపోహతోనో ఇచ్చిన సమ్మతి సమ్మతే కాదని అదే సంహితలోని 28వ సెక్షన్ చెబుతోంది.

అతనికి మనసు బాగా లేదు కనుక ఉంచుకున్నామని వాదించవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ వాదన మిమ్మల్ని మరింత లోతుకు దించుతుంది. అతను మానసిక రోగి కాకపోతే వైద్యం పేరుతో ఉంచుకునే ఆధారమే లేదు. రోగి అని మీరే అంటే, మానసిక రోగులను చేర్చుకుని ఉంచే స్థలానికి 2017 చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మీ మందిరానికి అది లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా స్వస్థత మీద నమ్మకంతో కుటుంబాలు వదిలి వెళ్లిన రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టి ఉన్నందున తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. అక్కడికి వారిని తెచ్చినవారిలో చాలామంది కన్నవారే, ప్రేమతోనే తెచ్చారు. రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని ఈనాటి చట్టంలో 95వ సెక్షన్ ఉంది. గుడి, దర్గా, చర్చి అన్న తేడా ఆ సెక్షన్‌లో లేదు.

పోలీసు కేసు కన్నా ముందే హైకోర్టు నుంచి నోటీసు రావచ్చు. ఆ అబ్బాయి స్నేహితుడు గానీ, భాగస్వామి గానీ హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తెప్పించమని కోరే పిటిషన్, వేస్తే చాలు. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. విజయవాడకు చెందిన ఒక యువతి, తన భాగస్వామిని ఆమె తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించాడని పిటిషన్ వేస్తే, ఆ రెండో యువతి మేజర్ కనుక ఎవరితో ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆమెదేనని కోర్టు తేల్చింది. అదే ఏడాది మార్చి 11న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులన్నిటికీ మార్గదర్శకాలు ఇస్తూ, ఇలాంటి కేసుల్లో వ్యక్తి ఇష్టాన్ని ఏ ఒత్తిడీ లేని చోట న్యాయమూర్తి స్వయంగా తెలుసుకోవాలని, లైంగికతను మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగ్‌కు పంపకూడదని చెప్పింది. న్యాయమూర్తికే లేని అధికారం ఒక కౌన్సెలర్‌కో, కాపరికో ఉండదు.

అతనే స్వయంగా వచ్చి, "అయ్యగారూ, నా కోసం ప్రార్థించండి" అని అడిగితే? ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. మన చట్టంలో దానికి నిషేధం లేదు, ఉండాలని కూడా నేను అనుకోను. మేజరైన వ్యక్తి తన దేవుడి ముందు ఏమి అడుగుతాడో రాజ్యం లెక్క కట్టకూడదు. కానీ ఉద్యోగం లేక, తిండికీ గూడుకూ తల్లిదండ్రుల మీదే ఆధారపడిన 22 ఏళ్ల కుర్రవాడు "సరే" అన్నప్పుడు ఆ మాట ఎంతవరకు అతనిదో తెలుసుకునే బాధ్యత మీ మీద ఉంది. తల్లిదండ్రులు లేని చోట, అతని ఫోన్ అతని చేతికిచ్చి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లవచ్చని చెప్పి అడగండి. అప్పుడు వచ్చే జవాబే సమ్మతి. స్వస్థత ఖాయమని మాట ఇవ్వవద్దు, దానికి కానుక గానీ రుసుము గానీ తీసుకోవద్దు, ఉపవాసం చేయించవద్దు. నాకు తోచినంతలో, రేపు మన దేశంలో ప్రత్యేక చట్టం వస్తే అది మనిషి స్వయంగా కోరిన ప్రార్థనను విడిచిపెట్టి, డబ్బు తీసుకుని చేసే వాగ్దానాన్ని, నిర్బంధాన్ని, మైనర్లపై చేసే ప్రయత్నాలను గట్టిగా పట్టుకోవాలి.

మీ ఆదివారపు ప్రసంగానికి ఇవేవీ అడ్డు కావు. మీ విశ్వాసం ప్రకారం ఏది పాపమో, ఏది కాదో చెప్పుకోవచ్చు. స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు నిరాకరించింది కనుక అలాంటి పెళ్లి జరిపించమని మిమ్మల్ని బలవంతపెట్టే చట్టం కూడా లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆ అబ్బాయి పేరును, సంగతిని ప్రార్థన అంశంగా సంఘం ముందు చదవడం గానీ, వాట్సాప్ గ్రూపులో పెట్టడం గానీ, అతనిచేత సాక్ష్యం చెప్పించడం గానీ చేయకండి. అది అతని గోప్యతను భంగపరుస్తుంది.

మెల్‌బోర్న్ విషయంలో నా సలహా ఒక్కటే, ఒప్పుకోవద్దు. ఆ నగరం ఉన్న విక్టోరియా రాష్ట్రం 2021లో చేసి 2022 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తున్న చట్టం, ఒక వ్యక్తిని ఉద్దేశించి ఆమె లైంగికతను మార్చడానికో అణచడానికో చేసే ప్రార్థనను కూడా పేరు పెట్టి చేర్చింది. ఆమె సమ్మతి ఉన్నా మినహాయింపు లేదు. తీవ్రమైన హాని కలిగితే పదేళ్ల వరకు జైలు ఉంది, హాని లేకపోయినా అక్కడి మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. న్యూజిలాండ్ 2022లో చేసిన చట్టం ఇంత దూరం వెళ్లలేదు. మార్చే ఉద్దేశం లేకుండా మత విశ్వాసాన్ని వ్యక్తం చేయడాన్ని అది మినహాయించింది. కెనడాలో 2022 జనవరి 7 నుంచి ఇలాంటి చికిత్స చేయించినవారికి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది, పిల్లలను దీనికోసం దేశం దాటించడం కూడా అక్కడ నేరమే. సెలవుల్లో ఇండియాకు పంపి "బాగు చేయిద్దాం" అనుకునే మన ప్రవాస కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

అదే అభ్యర్థన రేపు 18 ఏళ్ల లోపు బిడ్డ గురించి వస్తే తల్లిదండ్రుల సమ్మతి ఉంది కదా అని ధైర్యపడకండి. తమ సంరక్షణలో ఉన్న బిడ్డకు శారీరక, మానసిక బాధ కలిగేలా హింసించినవారికి బాల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఈ వారమే ఆ తల్లిదండ్రులను పిలిచి, గది ఇవ్వలేనని, ఎందుకు ఇవ్వలేనో సూటిగా చెప్పండి. మీరు కాదంటే వారు మరో చోటికి తీసుకెళ్లే ప్రమాదం ఉంది కనుక అక్కడితో ఆపవద్దు. వారి భయానికి, దిగులుకు సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చని చెప్పండి. అబ్బాయిని విడిగా కలిసి, ఉచిత న్యాయ సహాయం కోసం న్యాయ సేవల సంస్థ నంబరు 15100ను అతనికి ఇవ్వండి. అతణ్ణి ఇంట్లోనే బంధించారని మీకు తెలిస్తే, ఆ సమాచారాన్ని పోలీసులకు గానీ మేజిస్ట్రేట్‌కు గానీ మీరే అందించవచ్చు. నిర్బంధంలో ఉన్న వ్యక్తి కోసం సోదా చేయించే అధికారం నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 100వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్‌కు ఉంది.