కొండ ఎంత పైకెక్కితే మూలికకు అంత బలమా?

ఎత్తు పెరిగే కొద్దీ అడవి మందు మొక్కల్లో మేలు చేసే పదార్థాలు పెరుగుతాయా అని అడిగారు. కొన్ని పెరుగుతాయి, అన్నీ కాదు. ల్యాబ్‌లో మూలికల సారాలు పరీక్షించే పని చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ఒకే జాతి మొక్కను కొండ కిందా, పైనా కోసి పక్కపక్కన పెడితే తేడా ముందు కంటికే తెలుస్తుంది. పైది పొట్టిగా ఉంటుంది, ఆకు చిన్నది, దళసరి, చాలాసార్లు కాడ ఎర్రబారి ఉంటుంది. సారాన్ని సిలికా పలక మీద చుక్క పెట్టి, పైకి పాకనిచ్చి, రసాయనం చల్లి అతినీలలోహిత దీపం కింద చూస్తాం. ఫ్లేవనాయిడ్లు అనే మొక్కల రక్షక పదార్థాల్లో క్వెర్సెటిన్ రకాలు నారింజ రంగులో, కెంఫెరాల్ రకాలు పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో వెలుగుతాయి. పైనుంచి తెచ్చిన ఆకుల్లో ఆ నారింజ పట్టీలు ఎక్కువసార్లు చిక్కగా కనిపించేవి. చూడ్డానికి ఎంత బాగుంటుందో!

ప్రతి 1000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత 10–12 శాతం పెరుగుతుంది, ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు పడిపోతుంది. మొక్క పారిపోలేదు కదా, ఆకు పైపొరలో ఫ్లేవనాయిడ్లను గొడుగులా పరుచుకుంటుంది. అందరూ ఎండనే కారణమంటారు గానీ చలిని తక్కువ అంచనా వేయకూడదు. ఆస్ట్రియా కొండల్లో ఆర్నికా అనే పసుపు పూల మందు మొక్కను వేర్వేరు ఎత్తుల్లో పెంచి చూస్తే పూలలో ఫినాలిక్ పదార్థాలు (ఫ్లేవనాయిడ్లూ ఈ కోవలోవే) ఎత్తుతో పాటు పెరిగాయి. తర్వాత 2009లో వచ్చిన పరిశోధన ఆ పెరుగుదలకు అసలు కారణం చలేనని తేల్చింది.

ఆర్నికాలో వాపు తగ్గించే గుణం ప్రధానంగా సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే వేరే రకం పదార్థాలది. ఎత్తుతో పాటు అవి మాత్రం పెరగలేదు! సుగంధ తైలాల దగ్గరికొస్తే కథ తిరగబడొచ్చు కూడా. గ్రీస్‌లో అడవి ఒరెగానో అనే సువాసన మొక్కకు పల్లపు ప్రాంతాల్లోనే తైలం ఎక్కువ.

అందుకే "ఎత్తైన కొండల మూలిక" అన్న మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. ఏ పదార్థం కోసం కొంటున్నారో, మొక్కలో ఏ భాగమో, ఎప్పుడు కోశారో, ఎలా ఆరబెట్టారో అడగండి.

మీరే పోల్చి చూడాలనుకుంటే రెండు చోట్లా పూత ఒకే దశలో ఉన్నప్పుడు కోయండి. పైన పూత ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఒకే రోజు కోస్తే లెక్క తప్పుతుంది. రెండూ నీడలోనే ఆరబెట్టి, ఎండు బరువు మీద లెక్కగట్టండి. వీలైతే రెండు చోట్ల విత్తనాలూ ఒకే మడిలో వేసి పెంచండి. అక్కడా తేడా నిలిస్తే అది వంశం నుంచి వచ్చిందనుకోవచ్చు, పోతే అది ఆ చోటు ప్రభావమే.