వాట్సాప్ కంటే ముందు నేను దండం పెట్టేది వీళ్లకి

దూరదేశంలో ఉన్న మనవాళ్లతో మాట తెగకుండా ఉన్నందుకు మీరు ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటారు అన్నది ప్రశ్న.

వాట్సాప్ అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ మాది జగిత్యాల దగ్గర పల్లె. బాపు 1980ల చివర్లో సౌదీ వెళ్లాడు. (మా వైపు ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా "దుబాయి పోయిండు" అనే అంటారు.) ఆ రోజులు తెలిసినవాణ్ని కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది మధ్యలో నిలబడిన మనుషులే.

అమ్మకి చదువు రాదు. బాపుదీ అంతంతమాత్రమే, అక్కడ పనివాళ్ల క్యాంపులో పక్క మంచం ఆయన ఉత్తరం రాసిపెట్టేవాడు. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ చదివి వినిపించేవాడు. మొగుడూ పెళ్లాల మాట ఇద్దరు పరాయివాళ్ల నోట్లోంచి దాటి రావాలన్నమాట! అందుకే ఆ ఉత్తరాల్లో పైసలు అందాయా, బర్రె ఈనిందా, పిల్లలు బడికి పోతున్నారా అన్నవి తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మా పోస్ట్‌మ్యాన్ మాత్రం గట్టివాడు. ఏ ఇంట్లో చదివింది ఆ ఇంట్లోనే వదిలేసేవాడు. జవాబు కవరు మీద ఇంగ్లిష్‌లో అడ్రస్ కూడా ఆయనే రాసేవాడు. అడ్రస్ అంటే కంపెనీ పోస్ట్ బాక్స్ నంబరే. అమ్మకి అది నోటికి వచ్చు.

క్యాసెట్ వచ్చాక కథ మారింది. చుట్టీ (సెలవు) మీద వచ్చిన పక్కూరాయన చేతికి బాపు ఒక టేప్ రికార్డర్, తన మాటలు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపాడు. ఒక వైపు ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నాం. రెండో వైపు తిప్పేముందు అమ్మ మమ్మల్ని బయటికి పొమ్మంది. మధ్యలో ఎవరూ లేకుండా బాపు ఆమెతో మాట్లాడడం, ఆయన వెళ్లాక అదే మొదలు. జవాబు నింపాల్సి వచ్చినప్పుడు అమ్మకి మాట పెగల్లేదు. "మంచిగున్నవా" అని అడిగి, అవతల నుంచి ఆయన ఏమైనా అంటాడేమో అన్నట్టు ఆగిపోయేది. అలవాటయ్యాక క్యాసెట్ చాలేది కాదు. చుట్టీ అయిపోయి వెళ్లేవాళ్ల పెట్టె వాళ్లింటి పచ్చళ్లతోనే బరువెక్కి ఉండేది. అందులో మా క్యాసెట్‌కి చోటిచ్చినవాళ్లను ఎలా మరిచిపోతాం?

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. మా చిన్నాయన అప్పుడు అక్కడే ఉన్నాడు. ఫోన్ లేదు, టపా లేదు. జోర్డాన్‌లోని అమ్మాన్ నుంచి విమానాల్లో లక్షకు పైగా భారతీయులను తీసుకొచ్చారు కదా, వాళ్లలో ఆయనొకడు. బొంబాయిలో దిగి టెలిగ్రాం కొట్టేదాకా బతికున్నాడో లేదో కూడా మాకు తెలీదు.

తర్వాత పసుపు బోర్డు ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. మనం చేస్తే మీటర్ మీద ఎర్రంకెలు గుండె దడ పుట్టించేవి, అందుకని బాపే చేసేవాడు, శుక్రవారం సెలవు రోజున. బయటి నుంచి వచ్చే ఫోన్ వల్ల బూత్ ఆయనకి మిగిలేదేమీ లేదు. అయినా సైకిల్ మీద పిల్లగాణ్ని తోలి అమ్మను పిలిపించేవాడు. లైన్ కట్ అయితే మళ్లీ కలిసేదాకా కుర్చీ వేసి కూర్చోబెట్టేవాడు.

ఇప్పుడు అక్కా బావా దుబాయ్‌లో ఉన్నారు, ఈసారి నిజం దుబాయే. అక్కడ వాట్సాప్ కాల్స్ పని చేయవు కాబట్టి బోటిమ్ అనే యాప్‌లో మాట్లాడుకుంటాం. మెసేజ్‌లు మాత్రం వాట్సాప్‌లోనే. 2016లో జియో వచ్చాక అమ్మ కూడా ఫోన్ పట్టింది. ఉత్తరం రాయలేని మనిషి పొద్దున లేస్తూనే వాయిస్ మెసేజ్ పెడుతుంది, ఎవరినీ సాయం అడగకుండా. ఒక్కోటి క్యాసెట్‌లో ఒక వైపంత ఉంటుంది. అక్క వాటిని స్పీడ్ పెంచి వింటుందట. ఈ సంగతి అమ్మకి ఇంకా తెలీదు.