బాలి టికెట్లు కొనే ముందు

చిన్నీ,

నీ జీతం డబ్బులతో అమ్మానాన్నలను బాలి తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ తన గొంతులో సంతోషం ఆగలేదు. నాకూ గర్వంగానే ఉంది తల్లీ. కానీ వైజాగ్ నుంచి సింగపూర్‌కి ఒక టికెట్టు, అక్కడి నుంచి బాలికి ఇంకో టికెట్టు విడివిడిగా కొంటున్నావని, అలాగైతే చవకని వినేసరికి టెన్షన్ పట్టుకుంది. ద్వారకానగర్‌లో టికెట్ల ఆఫీసులో అన్నేళ్లు పనిచేసినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి, కాపీలు విడిగా పెట్టుకోవాలి. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా అగ్నిపర్వతాల గురించి. నవ్వకు. హుద్‌హుద్ అప్పుడు, 2014 అక్టోబర్‌లో, మన ఎయిర్‌పోర్టు దెబ్బతిని కొన్ని రోజులు విమానాలే లేవు. అయినా తుఫాను వస్తోందని మనకి ముందే తెలుసు, సర్దుకున్నాం. అగ్నిపర్వతం అంత వ్యవధి ఇవ్వదు. అది బాలిలోనే పేలాలని కూడా లేదు. 2025 జూన్‌లో పేలిన లెవొటోబి అగ్నిపర్వతం ఇండోనేషియాలోనే ఫ్లోరెస్ అనే ఇంకో దీవిలో ఉంది, బాలికి సుమారు 800 కిలోమీటర్లు. అయినా ఢిల్లీ నుంచి బాలికి బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం దిగకుండానే వెనక్కి వచ్చేసింది. అదే ఏడాది నవంబర్‌లో ఇథియోపియాలో హైలీ గుబ్బి పేలితే, ఆ బూడిద ఎర్రసముద్రం దాటి ఢిల్లీ మీదికే వచ్చింది.

ఆ బూడిదలో ఉండేది రాతి పొడి, గాజు పొడి. ఇంజిన్ వేడికి కరిగి లోపలి బ్లేడ్లకు అతుక్కుపోతుంది. విమానంలోని వాతావరణ రాడార్‌కి అది కనపడదు. 1982 జూన్‌లో ఒక రాత్రి బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం జావా దీవి దగ్గర గలుంగ్గుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి వెళ్లింది, నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. బూడిదలోంచి కిందికి వచ్చాక మళ్లీ అంటుకున్నాయి కాబట్టి జకార్తాలో దిగగలిగారు. అందుకని ఎయిర్‌లైన్ వాళ్లు విమానం నడపం అన్న రోజున కౌంటర్ దగ్గర గొడవపడకు. నాకు మీ ప్రాణాల తర్వాతే ఏదైనా.

డబ్బు సంగతికొస్తే, మీ నాన్న చేసిన పని నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2017లో మీ అమ్మని బాలి తీసుకెళ్దామనుకున్నాడు. సొంత అక్క టికెట్ల ఆఫీసులో ఉంటే, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా ఆన్‌లైన్‌లో కొన్నాడు. హోటల్ కూడా డబ్బు వెనక్కి రాని రేటులోనే, నాలుగు వందలు తక్కువని. ఇన్సూరెన్స్ తీసుకోలేదు. సెప్టెంబర్‌లో బాలిలోని అగుంగ్ పర్వతానికి అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక పెట్టారు, లక్షమందికి పైగా ఊళ్లు ఖాళీ చేశారు. టీవీలో అది చూసి అప్పుడు పరిగెత్తి ఇన్సూరెన్స్ కొన్నాడు. అక్టోబర్ చివర హెచ్చరిక తగ్గిస్తే గండం గడిచిందనుకున్నాడు.

నవంబర్ 28న ప్రయాణం. 26 రాత్రి పొగ ఫొటోలు చూసి భయపడి, తనే టికెట్లు కాన్సిల్ చేసేశాడు. తెల్లారి, 27న, బాలి ఎయిర్‌పోర్టు మూసేశారు. విమానం వాళ్లే రద్దు చేశారు, ఆగినవాళ్లందరికీ పూర్తి డబ్బు వచ్చింది. మీ నాన్నకి పన్నుల కింద కట్టిన చిల్లర వచ్చింది. హోటల్ వాళ్లు మేం తెరిచే ఉన్నాం, మీరే రాలేదన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లు, అగుంగ్ సంగతి బయటపడ్డాక కొన్న పాలసీ కనుక దీనికి వర్తించదన్నారు. ఒక్క పూట ఆగినా, ఆ పాలసీ టికెట్టు కొన్నరోజే తీసుకున్నా, చాలావరకు దక్కేది. ఎంత పోయిందో మీ అమ్మకి చెప్పలేక నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. కోపమొచ్చింది, ఏమీ అనలేకపోయాను. వాడికి మీ అమ్మని సముద్రం దాటించాలని ఎంత ఉండేదో నాకు తెలుసు.

అందుకే చెప్తున్నా, నువ్వు భయపడి ముందే కాన్సిల్ నొక్కకు. రద్దు విమానం వాళ్లే చెయ్యాలి. వాళ్లు రద్దు చేస్తే వేరే విమానమో, డబ్బో నీ హక్కు. ప్రకృతి విపత్తుకి నష్టపరిహారం మాత్రం ఆశించకు, మన విమానాలను నియంత్రించే డీజీసీఏ నిబంధనల్లో అది లేదు. రద్దు చేసినట్టు మెయిలో కాగితమో తప్పకుండా తీసుకో.

ఇన్సూరెన్స్ టికెట్టు కొన్నరోజే తీసుకో. కొన్నిటిలో వైద్యం, పోయిన సామాను తప్ప ఏమీ ఉండదు. ప్రయాణం రద్దు, ఆలస్యం ఉన్నాయో లేదో, ప్రకృతి విపత్తుల్లో అగ్నిపర్వతాన్ని కలిపారో లేదో చదువు. హోటల్ చివరిదాకా ఉచితంగా రద్దు చేసుకునేదే చూడు.

ఇక టికెట్టు. వైజాగ్ నుంచి బాలి దాకా ఒకే పీఎన్ఆర్ మీద తియ్యి. విడివిడిగా ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినా రెండోవాళ్లకి సంబంధం ఉండదు. పైగా సింగపూర్ ఎయిర్‌పోర్టు చాంగిలో సామాను తీసుకుని మళ్లీ చెకిన్ చెయ్యాలంటే సింగపూర్‌లోకి ప్రవేశించాలి, దానికి వీసా కావాలి. అదిలేక మీ అమ్మ ఆ వయసులో కుర్చీల్లో రాత్రిళ్లు గడపడం తలుచుకుంటేనే నాకు నిద్ర పట్టడం లేదు. తన షుగర్, బీపీ మాత్రలు రెండు వారాలవి ఎక్కువ పెట్టు, డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలో. పెద్ద పెట్టెలో వద్దు, అది ఎక్కడికి పోతుందో తెలీదు. తిరిగొచ్చాక ఆఫీసుకి రెండు రోజులు ఖాళీ ఉంచుకో.

బయల్దేరే ముందు వారం, అక్కడి అగ్నిపర్వతాల హెచ్చరికలు పెట్టే మాగ్మా ఇండోనేషియా సైటు రోజూ చూడు. అక్కడ హెచ్చరికలు నాలుగు స్థాయిలు, చివరిది ‘అవాస్’. అది కనిపిస్తే ముందు నాకు ఫోన్ చెయ్యి, తర్వాత ఏదైనా.

డబ్బు కట్టకముందే టికెట్టు వివరాలు వాట్సాప్‌లో పంపు. ఒకే టికెట్టుకి ఎంత ఎక్కువ అవుతుందో చెప్పు, ఆ తేడా నేనిస్తా. కాదనకు. ఈ ఉత్తరం మాత్రం మీ నాన్నకి చూపించకు తల్లీ, బాధపడతాడు.

మీ అత్త