మిగ్-21 మోడల్ కిట్ ఏ కంపెనీది కొనాలి? పెట్టె మీది పేరు కన్నా అచ్చు వయసు చూడండి

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాం. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్పడం టీవీలో చూసినప్పటి నుంచి ఆ విమానం ప్లాస్టిక్ మోడల్ తానే చేస్తానంటున్నాడు. ఆన్‌లైన్‌లో వెతికితే బోలెడు కంపెనీలు కనిపిస్తున్నాయి. ఏది కొనాలి? ఇక్కడ ఉండి చేయగలిగే పనేనా?

జవాబు:

తప్పకుండా చేయొచ్చు. నేనుండేది కూడా తిరుపతిలోనే. కాలేజీ రోజుల నుంచి ఈ కిట్లు చేస్తున్నాను, ఇంట్లో ఒక గాజు బీరువా నిండిపోయింది. మా అక్క కొడుక్కి కూడా నేర్పించాను కాబట్టి మీ అబ్బాయి వయసు పిల్లలకు ఎక్కడ చిరాకు వస్తుందో తెలుసు.

ఈ ప్రశ్నకు చాలామంది ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకుంటారు. నా మాటైతే కంపెనీ రెండో సంగతి. ముందు చూడాల్సింది ఆ కిట్ అచ్చు ఎప్పటిదని. పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి, గట్టి ఒత్తిడితో లోహపు అచ్చుల్లోకి ఎక్కించి ఈ ముక్కలు తీస్తారు. ఒక్క అచ్చు చేయించాలంటే చాలా ఖర్చు. అందుకే ఒకసారి చేయించిన అచ్చును దశాబ్దాల తరబడి వాడుతూనే ఉంటారు. పెట్టె మీద బొమ్మ మారుతుంది, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) మారతాయి, లోపలి ప్లాస్టిక్ మాత్రం అదే. పైగా ఒక కంపెనీ అచ్చు ఇంకో కంపెనీ పెట్టెలో రావడం కూడా ఈ రంగంలో మామూలే. ఇటలీ వాళ్ల ఇటాలెరి 1/72 (అసలు విమానంలో 72వ వంతు సైజు) కిట్లను జపాన్‌లో తమియా తన పెట్టెల్లో పెట్టి అమ్మింది. పేరు చూసి కొంటే లోపల ఏముందో ఎలా తెలుస్తుంది?

పాత అచ్చుల్లో ఎక్కువ వాటికి విమానం ఒంటి మీద రేకుల అతుకుల గీతలు, అంటే ప్యానెల్ లైన్లు, పైకి ఉబ్బి ఉంటాయి. కొత్త వాటిలో సన్నగా లోపలికి చెక్కినట్టు ఉంటాయి. ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. రెండు సగాలు అతికించాక ఆ అతుకును వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) సాపు చేయాలి కదా, ఉబ్బెత్తు గీతలు ఆ దెబ్బకు చెరిగిపోతాయి. వాటిని మళ్లీ గీయడం పెద్దవాళ్లకే కష్టం. పాత అచ్చుల్లో ముక్కల మధ్య సందులూ ఎక్కువే. పిల్లవాడు తన చేత కావడం లేదనుకుంటాడు, నిజానికి తప్పు అచ్చుది. కొనే ముందు స్కేల్‌మేట్స్ అనే వెబ్‌సైట్‌లో కిట్ పేరు కొట్టి చూడండి. ఆ అచ్చు మొదట ఏ సంవత్సరంలో వచ్చింది, తర్వాత ఎవరెవరి పెట్టెల్లో తిరిగింది, వరసగా చూపిస్తుంది. నేను అది చూడకుండా ఏ కిట్టూ కొనను.

ఇక కంపెనీల సంగతి. ఎయిర్‌ఫిక్స్ బ్రిటన్‌ది. 1939లో నికొలస్ కోవ్ అనే హంగేరీ ఆయన మొదలుపెట్టాడు. మొదట్లో గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేసేవాళ్లు. 1952లో గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్‌తో ఈ దారికొచ్చారు. 2006 నుంచి హార్న్‌బీ చేతిలో ఉంది. ఆ తర్వాత వచ్చిన వాళ్ల కిట్లు చాలావరకు బాగుంటాయి. చిన్న సైజువి కొన్ని మన దేశంలోనే అచ్చు పోశారు, పెట్టె మీద మేడ్ ఇన్ ఇండియా అని చూసి నేను చాలా సంతోషపడ్డాను. కానీ పాత అచ్చులు కూడా ఇదే ఎర్ర లోగోతో బజారులో ఉంటాయి, అక్కడే జాగ్రత్తగా ఉండాలి.

తమియా మాట వేరు. 1946లో జపాన్‌లోని షిజువొకాలో కలప వ్యాపారంగా మొదలైంది. కొయ్యతో మోడళ్లు చేస్తూ చేస్తూ 1960లో యమాటో యుద్ధనౌకతో ప్లాస్టిక్‌లోకి వచ్చింది. హసెగావా, ఫుజిమి, అవోషిమా అనే కిట్ల కంపెనీలు కూడా ఆ చుట్టుపక్కలవే. కొయ్యపని తెలిసిన ఊరి నుంచి ఇంత నాణ్యత రావడం నాకైతే వింతగా అనిపించదు. మన ఏర్పేడు దగ్గర మాధవమాలలో దేవుడి బొమ్మలు చెక్కేవాళ్లను చూసినవాళ్లెవరికీ అనిపించదు. అక్కడ నాకు తెలిసిన ఒక పెద్దాయన బొమ్మ నునుపును ఎదురు వెలుతురులో చూడడు, లైటు పక్క నుంచి పడేలా తిప్పి చూస్తాడు. చిన్న ఎత్తుపల్లం ఉన్నా నీడ పట్టిస్తుంది. విమానం అతుకులను నేను ఇప్పటికీ అలాగే చూసుకుంటాను. తమియా సొంత అచ్చుల్లో ముక్కకు ముక్క ఎంత చక్కగా కూర్చుంటుందో చేస్తేనే తెలుస్తుంది. ధర మాత్రం ఎక్కువ.

రెవెల్ అమెరికాలో పుట్టి జర్మనీలో స్థిరపడింది. దాని పెట్టెల్లో కొత్తా పాతా, సొంతవీ అరువువీ అన్నీ కలిసి ఉంటాయి. రష్యా వాళ్ల జ్వెజ్దా ఇటీవలి కిట్లు డబ్బుకు తగినట్టుంటాయి. రేణిగుంటలో దిగే ఎ320 లాంటి ప్రయాణికుల విమానాలు ఇష్టమైతే వాళ్ల 1/144 కిట్లు చూడండి.

మీ అబ్బాయి అడిగిన మిగ్-21కి నా మొదటి ఎంపిక చెక్ దేశం వాళ్ల ఎడ్వార్డ్. 1/48లో వాళ్ల మిగ్-21 కుటుంబం 2011 నుంచి వస్తోంది, 1/72లో 2018 నుంచి. ఒకే విమానాన్ని వీళ్లు రెండు రకాలుగా అమ్ముతారు. ప్రొఫిప్యాక్‌లో పలచటి లోహపు రేకు మీద చెక్కిన బుల్లి ముక్కలు కూడా ఉంటాయి. గోరు చివర కూడా నిండని వాటిని వంచి అతికించాలి. కొత్తవాళ్లకు అది వద్దు. వీకెండ్ ఎడిషన్ తీసుకోండి, ప్లాస్టిక్ అదే, ఆ రేకు ఉండదు. బడ్జెట్ తక్కువైతే జ్వెజ్దా 1/72 మిగ్-21బిస్ బాగుంటుంది. 1/72 అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం అవుతాడన్న లెక్క. ఆ సైజులో మిగ్ సుమారు 20 సెంటీమీటర్లు, 1/48లో 30 సెంటీమీటర్లు.

ఒక్క విషయం ముందే అబ్బాయికి చెప్పండి. టీవీలో చూసినవి బైసన్లు, అంటే మిగ్-21లో ఆధునికీకరించిన రకం. అవి బిస్ రకం నుంచే వచ్చాయి కానీ పైలట్ ముందు గాజు వేరు. బిస్‌లో ఫ్రేములుంటాయి, బైసన్‌లో ఉబ్బెత్తుగా ఒకే ముక్క. కిట్‌లో ఉన్నది ఉన్నట్టు చేస్తే బిస్ వస్తుంది. అదీ మన విమానమే, నాసిక్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసింది. 1963లో మనకు మొదట వచ్చినవి ఎఫ్-13 రకం మిగ్-21లు, వాటికి రెవెల్ 1/72 కిట్ ఉంది. గ్నాట్ అనే చిన్న జెట్ విమానం విషయంలోనూ ఇలాగే చూసుకోవాలి. ఎయిర్‌ఫిక్స్ గ్నాట్ రెండు సీట్ల శిక్షణ విమానం, 1971లో శ్రీనగర్ మీద మన వాయుసేన పైలట్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ నడిపింది ఒక సీటుది. అది కావాలంటే స్పెషల్ హాబీ అనే కంపెనీ దగ్గర దొరుకుతుంది.

కానీ మొదటి కిట్‌గా మిగ్ వద్దు. ఎయిర్‌ఫిక్స్ 1/72 స్పిట్‌ఫైర్ (పాత బ్రిటిష్ యుద్ధ విమానం) స్టార్టర్ సెట్ తీసుకోండి. గమ్, రంగులు, బ్రష్ అందులోనే వస్తాయి. మా అక్క కొడుకు దానితోనే మొదలుపెట్టాడు. రెక్క పాడైనా బాధ లేదు, చేయి కుదురుతుంది.

విడిగా కొనాల్సినవి కొద్దే. మంచి సైడ్ కట్టర్, ట్వీజర్, హార్డ్‌వేర్ షాపులో 400, 800, 1200 నంబర్ల వాటర్ పేపర్. ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి ముక్కను ఒక్క కత్తిరింపుతో తీయొద్దు. కాస్త దూరంగా ఒకసారి, మిగిలిన పిలకను రెండోసారి కత్తిరించాలి, లేకపోతే అక్కడ ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. గమ్ తమియా ఎక్స్‌ట్రా థిన్, పచ్చ మూత సీసా. ఇది జిగురులా అంటించదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. ముందు రెండు సగాలు కలిపి పట్టుకుని, మూతకున్న బ్రష్‌ను అతుకు మీద ఊరికే తాకిస్తే చాలు, గమ్ దానంతటదే గీత వెంట పాకుతుంది. కొద్ది క్షణాలాగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి ఉబుకుతుంది. ఆ పూసే సందును పూడుస్తుంది. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున వాటర్ పేపర్ పట్టాలి. కిటికీ తెరిచి చేయమనండి, ఆ ఆవిరి పీల్చకూడదు. కాక్‌పిట్ గాజుకు మాత్రం ఫెవికాల్ వాడండి. ఫెవిక్విక్ లాంటివి వాడితే ఆవిరికి గాజు తెల్లగా మసకబారుతుంది. ముక్కు చక్రం ఉన్న విమానాలు కొన్ని తోక మీద కూర్చుండిపోతాయి. వాటికి అతికించక ముందే ముక్కులో సైకిల్ షాపు బేరింగు గుండ్లు రెండు మూడు వేసి అంటించాలి.

మన ఊరి వాతావరణం రంగుల దగ్గర అడ్డొస్తుంది. మే నెల మధ్యాహ్నం ఆక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, కాబట్టి ఎండాకాలంలో తెల్లవారుజామున వేయాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానల్లో లాకర్ (థిన్నర్‌తో కలిపే రకం రంగు) స్ప్రే కొడితే గాలిలో తేమకు పైన తెల్లటి పొర వస్తుంది. ముసురు రోజుల్లో ముక్కలు అతికించుకోవడం, ఎండ కాసిన రోజున స్ప్రే చేసుకోవడం నా పద్ధతి. డెకాల్స్ నానబెట్టడానికి బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మరకలు పడతాయి. క్యాన్ నీళ్లు వాడండి. డెకాల్స్ కింద మెరిసే (గ్లోసీ) వార్నిష్ ఒక పూత తప్పనిసరి. గరుకు మీద అంటిస్తే కింద గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది, మన మూడు రంగుల గుర్తు అలా పాడైతే చూడలేం.

నేను ఆన్‌లైన్‌లోనో, చెన్నై వెళ్లినప్పుడో కొంటాను. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా లెక్కేసుకోండి. రంగులు, గమ్ నిప్పంటుకునే ద్రవాలు, వాటిని మన దేశంలోనే కొనడం మేలు. మిగ్ పెట్టె తీసుకునే ముందు అది ఏ రకమో, స్కేల్ ఎంతో ఇక్కడ రాయండి, దానికి తగిన బూడిద రంగు నంబర్లు నేను చెబుతాను.